కృత్రిమమేధ ఏజెంట్ల కోసం డేటాబేస్ పరికరాల వివరణ రచన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కృత్రిమమేధ ఏజెంట్లు డేటాబేస్‌లను స్వయంగా ప్రశ్నించే స్థితి వచ్చింది. ఏ పరికరాన్ని ఎప్పుడు పిలవాలో, వచ్చిన ఫలితాన్ని ఎలా గ్రహించాలో అవి ఆ పరికరానికి జతచేసిన కొద్దిపాటి వివరణను చదివి నిర్ణయించుకుంటాయి. అందువల్ల ఆ వివరణను విమర్శకు యోగ్యమైన రచనగానే చూడవలసి ఉంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌కు నమూనాగా వెలువడిన పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లోని ఏకవాక్య వివరణను ఈ వ్యాసం అనుబంధ చతుష్టయం ఆధారంగా పరిశీలిస్తుంది. అర్థాన్ని తెలపడం వివరణకు సాధ్యమైన పని. హద్దును కాపాడడం దానికి సాధ్యం కాని పని. ఈ భేదాన్ని గుర్తించకపోవడమే ఇటువంటి రచనల ప్రధానలోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమమేధ ఏజెంటు, డేటాబేస్, పరికర వివరణ, అనుబంధ చతుష్టయం, యోగ్యానుపలబ్ధి, పరిశోధన పద్ధతి.

1. ఉపోద్ఘాతం:

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన సిద్ధాంతగ్రంథాల వివరాలను డేటాబేస్‌లో భద్రపరచి, దానికి ఒక కృత్రిమమేధ ఏజెంటును అనుసంధానించిందని అనుకుందాం. నాగర్‌కర్నూల్ జిల్లా కథాసాహిత్యంపై పరిశోధన చేయదలచిన వారొకరు "ఈ అంశంపై ఇంతకుముందు పరిశోధన జరిగిందా?" అని అడుగుతారు. ఏజెంటు ఆ ప్రశ్నను ఎస్‌క్యూఎల్ భాషలోకి మార్చి డేటాబేస్‌కు పంపుతుంది. ఒక్క వరుస కూడా తిరిగి రాదు. "ఈ అంశంపై పరిశోధన జరగలేదు" అని ఏజెంటు సమాధానమిస్తుంది. ఆ మాట సిద్ధాంతగ్రంథంలో పూర్వపరిశోధనల సమీక్షలోకి చేరుతుంది.

ఇక్కడ యంత్రం లెక్క తప్పలేదు. క్వెరీలో దోషం లేదు, ఫలితం నిజంగానే సున్నా. దోషమంతా ఆ సున్నాకు చెప్పుకున్న అర్థంలో ఉంది. నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లా. అంతకుముందు ఆ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాత గ్రంథాలు పాత జిల్లా పేరుతోనే నమోదై ఉంటాయి. శీర్షికలు కొన్ని తెలుగు లిపిలో, మరికొన్ని రోమన్ లిపిలో ఉండవచ్చు. రోమన్ లిపిలో 'కథ' అన్న మాటనే ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. కొన్ని సంవత్సరాల గ్రంథాలు ఇంకా డేటాబేస్‌కు ఎక్కకపోయి ఉండవచ్చు. గ్రంథాలయంలో ఏళ్లుగా పనిచేసిన ఉద్యోగికి ఇవన్నీ తెలుసు. ఏజెంటుకు మాత్రం తెలియవు, ఎందుకంటే ఎవరూ వాటిని దాని కోసం రాసిపెట్టలేదు.

ఈ రాసిపెట్టడం ఎలా ఉండాలన్నదే ఈ వ్యాసానికి విషయం. ఇది కంప్యూటర్ శాఖకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. పాఠం, పాఠకుడు, అర్థగ్రహణం అన్న మూడింటి మీద పనిచేసే సాహిత్య విమర్శకు కూడా ఇందులో చెప్పవలసిన మాట ఉంది.

2. వివరణ అనే రచనారూపం:

సంబంధాత్మక డేటాబేస్‌కు సిద్ధాంత పునాది 1970లో ఇ.ఎఫ్. కాడ్ రాసిన పరిశోధన పత్రం. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ప్రకటించిన సీక్వెల్ అనే భాష తర్వాత ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది. ప్రోగ్రామర్లు కానివారు కూడా డేటాబేస్‌ను ప్రశ్నించగలగాలన్నది దాని రూపకల్పన వెనుక ఉన్న ఆశయం. మనిషి అడిగిన మాటను ఏజెంటు తానే క్వెరీగా మారుస్తున్న ఈ కాలాన్ని ఆ ఆశయానికి కొనసాగింపుగా భావించవచ్చు.

భాషా నమూనాలు బయటి పరికరాలను పిలిచే పద్ధతిని 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన సేవలో ప్రవేశపెట్టింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను బహిరంగ ప్రమాణంగా ప్రకటించింది. ఈ ప్రమాణంలో ఒక పరికరాన్ని పరిచయం చేసే అంగాల్లో ముఖ్యమైనవి మూడు: పేరు, సహజభాషలో వివరణ, పరికరానికి అందించవలసిన విలువల రూపాన్ని తెలిపే జేసన్ స్కీమా. మొదటిది గుర్తు, మూడోది ఆకారం. అర్థమంతా రెండోదాని మీదే ఆధారపడుతుంది.

ఈ రచనకు ఉన్న పాఠకుడు విలక్షణమైనవాడు. మాన్యువల్ చదివే ఉద్యోగి సందేహం వస్తే పక్క బల్ల దగ్గర కూర్చున్నవారిని అడుగుతాడు, పాత ఫైలు తిరగేస్తాడు, నిన్న జరిగిన పొరపాటును గుర్తుపెట్టుకుంటాడు. ఏజెంటు తనకు అందిన పాఠాన్ని చదివి వెంటనే చర్యకు దిగుతుంది. వేరే ఏర్పాటు ఏదైనా ఉంటే తప్ప, మరుసటి సంభాషణలో అదే వివరణను మళ్లీ మొదటిసారి చదువుతున్నట్టే చదువుతుంది. రాయకుండా వదిలిన చోట తన సాధారణ లోకజ్ఞానంతో పూరించుకుంటుంది. ఆ పూరణ చూడడానికి సహజంగా ఉంటుంది కనుక తప్పు పైకి కనిపించదు.

3. పరిశీలిత పాఠం:

పై ప్రోటోకాల్ వాడకాన్ని చూపడానికి కొన్ని నమూనా సర్వర్లు వెలువడ్డాయి. వాటిలో పోస్ట్‌గ్రెస్ సర్వర్ ఒకటి. అందులో ఉన్న పరికరం ఒక్కటే. దాని పేరు 'క్వెరీ'. చదవడానికి మాత్రమే అయిన ఎస్‌క్యూఎల్ క్వెరీని నడపడం అన్నది దాని వివరణ సారాంశం. అది కూడా ఒకే ఒక చిన్న వాక్యం. అది తీసుకునే విలువ ఎస్‌క్యూఎల్ పాఠం మాత్రమే. ఇది కాక, ప్రతి పట్టికలోని కాలమ్‌ల పేర్లను, వాటి డేటా రకాలను మరొక మార్గంలో చదివి తెలుసుకునే ఏర్పాటు ఉంది.

ఈ సర్వర్ ప్రదర్శన కోసం రూపొందింది కనుక దాని సంక్షిప్తతను పూర్తి నేరంగా పరిగణించడం న్యాయం కాదు. అయితే నమూనాగా పెట్టిన రచన అనుకరణకు ఆదర్శం అవుతుంది. కనుక దానిని నిశితంగా చదవవలసి ఉంది.

మన శాస్త్రగ్రంథాల ఆరంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని తెలిపే సంప్రదాయం ఉంది. దీనినే అనుబంధ చతుష్టయం అన్నారు. ఈ గ్రంథం దేని గురించి, దేనికోసం, గ్రంథానికీ విషయానికీ ఉన్న సంబంధమేమిటి, చదవడానికి ఎవరు అర్హులు అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితేనే పాఠకుడు ప్రవృత్తుడవుతాడని దాని ఆంతర్యం. పరికర వివరణ చదివే ఏజెంటు ఎదుర్కొనే ప్రశ్నలు కూడా ఇవే.

విషయం: పై వాక్యంలో ఎస్‌క్యూఎల్ ప్రస్తావన ఉంది కానీ, డేటాబేస్‌లో ఉన్నది సిద్ధాంతగ్రంథాల జాబితానా, ఆసుపత్రి రోగుల వివరాలా, దుకాణపు లెక్కలా అన్నది లేదు. సర్వర్ ఏ డేటాబేస్‌కైనా పనికిరావాలి కనుక అది రాయలేదు. అందరికీ పనికివచ్చేలా రాసిన వాక్యం ఏ ఒక్కరి డేటా గురించీ ఏమీ చెప్పలేకపోయింది.

ప్రయోజనం: ఎప్పుడు ఈ పరికరాన్ని వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్నది లేదు. ఒకే పరికరం ఉన్నంతకాలం ఈ లోపం బయటపడదు. గ్రంథ శోధనకు ఒకటి, సభ్యుల ఖాతాలకు ఒకటి, గణాంకాలకు ఒకటి చొప్పున పరికరాలు పెరిగినప్పుడు ఏజెంటు ఎంపికలో తడబడుతుంది.

సంబంధం: పట్టికల స్వరూపాన్ని ముందుగా చదివి, తర్వాత క్వెరీ రాయాలన్న క్రమం వివరణలో లేదు. రెండు సౌకర్యాలూ పక్కపక్కనే ఉన్నా వాటిని కలిపే మాట లేదు.

అధికారి: శాస్త్రంలో ఈ పదం పాఠకుని అర్హతను సూచిస్తుంది. ఇక్కడ దానికి అనుమతి అనే అర్థం కూడా చేరుతుంది. 'చదవడానికి మాత్రమే' అన్న విశేషణం ఆ అనుమతి హద్దును ప్రకటిస్తోంది. నాలుగింటిలో ఈ వాక్యం నోరు విప్పి చెప్పినది ఇదొక్కటే. ఆ మాట ఎంతవరకు నిలబడిందో ఆరో భాగంలో చూద్దాం.

4. కాలమ్ పేరు, కాలమ్ అర్థం:

కాలమ్ పేర్లూ డేటా రకాలూ తెలిస్తే చాలదా అన్న ప్రశ్నకు సమాధానం కొలిచి చూసిన పని ఉంది. సహజభాషా ప్రశ్నలను ఎస్‌క్యూఎల్‌గా మార్చే సామర్థ్యాన్ని పరీక్షించడానికి 2023లో వెలువడిన బర్డ్ అనే పరీక్షా సముదాయంలో 95 డేటాబేస్‌లు, 12,751 ప్రశ్నోత్తర జంటలు ఉన్నాయి. విలువల అర్థాన్ని, లెక్కల నిర్వచనాలను తెలిపే చిన్న వివరణలను కూడా దాని కర్తలు ప్రశ్నలకు జతచేశారు. వారు ప్రకటించిన ఫలితాల్లో జీపీటీ-4 నమూనా ఆ వివరణలు లేకుండా 34.88 శాతం, వాటితో 54.89 శాతం సరైన ఫలితాలు ఇచ్చింది. మనుషులకు ఆ అంకెలు 72.37, 92.96. నమూనాలు ఆ తర్వాత మెరుగుపడ్డాయి కనుక ఇక్కడ గమనించవలసింది వాటి స్థాయిని కాదు, తేడాను. యంత్రానికీ మనిషికీ కూడా ఆ కొద్దిపాటి వివరణ సుమారు 20 శాతాంశాల మేలు చేసింది. పేరు చూసి అర్థం ఊహించడంలో మనిషి కూడా నమ్మదగినవాడు కాడని దీని తాత్పర్యం.

తెలుగువారి పేర్ల సంగతే చూద్దాం. 'చివరి పేరు' అనే కాలమ్ ఉంటే అందులో వంశనామం ఉంటుందని పాశ్చాత్య సంప్రదాయం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తు నింపినవారిలో కొందరు ఇంటిపేరును మొదటి గడిలో, కొందరు చివరి గడిలో, మరికొందరు ఒక్క పొడి అక్షరంగా రాసి ఉంటారు. జిల్లా కాలమ్‌దీ అదే కథ. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏ తేదీనాటి జిల్లా అన్నది చెప్పని కాలమ్ సగం అర్థమే చెబుతుంది.

ఈ అర్థాన్ని డేటా పక్కనే రాసిపెట్టే సౌకర్యం కొత్తది కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పట్టికకు గానీ కాలమ్‌కు గానీ వ్యాఖ్యను జతచేసే 'కామెంట్ ఆన్' అనే ఆదేశం ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టిక నిర్వచనంలోనే వ్యాఖ్య రాయవచ్చు. మన పరిశీలిత సర్వర్ పేర్లను, రకాలను మాత్రం అందించి ఈ వ్యాఖ్యలను అందించలేదు. గ్రంథం అచ్చువేసి వ్యాఖ్యానాన్ని వదిలేసినట్టయింది. వ్యాఖ్యలే రాయని డేటాబేస్‌లు అనేకం కనుక ఆ తప్పు సర్వర్ రచయితలది మాత్రమే అనలేం.

5. సున్నా ఫలితం - అనుపలబ్ధి విచారం:

ఉపోద్ఘాతంలోని సున్నా దగ్గరికి మళ్లీ వద్దాం. భాట్ట మీమాంసకులు అభావ జ్ఞానానికి అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరించారు. అయితే కనిపించకపోవడం ఎప్పుడూ లేకపోవడానికి ప్రమాణం కాదు. ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో కనిపించకపోతే ఆ మాట చెప్పడానికి వీల్లేదు. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు.

డేటాబేస్ పరికర వివరణకు ఇంతకంటె తగిన కొలమానం దొరకదు. మంచి వివరణ గదిలో వెలుతురు ఎంతవరకు ఉందో చెబుతుంది. డేటా ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉంది? ఏ శాఖలు చేరాయి, ఏవి చేరలేదు? శోధన అక్షరాలను యథాతథంగా పోలుస్తుందా, వర్ణక్రమ భేదాలను కలుపుకుంటుందా? తొలగించిన నమోదులు పట్టికలోనే ఒక గుర్తుతో మిగిలి ఉన్నాయా? ఇవి తెలిసిన ఏజెంటు "ఈ సంవత్సరాల మధ్య, ఈ పేర్లతో వెతికితే కనబడలేదు" అంటుంది. తెలియని ఏజెంటు "లేదు" అంటుంది. పరిశోధన నీతికి సంబంధించినంతవరకు ఈ రెండు వాక్యాల మధ్య దూరం చాలా ఎక్కువ.

సున్నాకు ఎదురు చివర మరొక ప్రమాదం ఉంది. చాలా పరికరాలు ఫలితాల్లో మొదటి కొన్ని వరుసలనే తిప్పి పంపుతాయి. ఆ పరిమితి 100 అని రాయకపోతే, 100 వరుసలు చూసిన ఏజెంటు మొత్తం గ్రంథాలు 100 అని లెక్కచెప్పే అవకాశం ఉంది. ఫలితం కుదించబడిందన్న మాట వివరణలోనూ ఉండాలి, ఫలితంలోనూ ఉండాలి.

దోష సందేశాలు కూడా ఈ రచనలో భాగమే. లేని కాలమ్ పేరు రాస్తే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆ కాలమ్ లేదని చెప్పి ఊరుకోదు. దగ్గరి పేరు ఉంటే దానిని ఉద్దేశించారేమోనని సూచన కూడా ఇస్తుంది. పాఠకుడు తప్పిన చోట దారి చూపే ఆ ఒక్క వాక్యం, మొదట్లో రాసిన పేజీ వివరణ కంటె ఎక్కువ ఉపకరిస్తుంది. పరికరం మధ్యలో నిలబడి ఆ సందేశాన్ని మింగేసి 'దోషం జరిగింది' అని మాత్రమే చెబితే, ఏజెంటుకు ఊహ తప్ప గత్యంతరం ఉండదు.

6. మాటల కాపలా:

'చదవడానికి మాత్రమే' అన్న విశేషణాన్ని ఆ సర్వర్ ఇలా అమలు చేసింది: చదవడానికే పరిమితమైన లావాదేవీని ప్రారంభించడం, ఏజెంటు పంపిన పాఠాన్ని అందులో నడపడం, చివర లావాదేవీని రద్దుచేయడం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఒకే పాఠంలో వరుసగా అనేక ఆదేశాలను స్వీకరించగలదు. పంపిన పాఠం మొదట్లోనే లావాదేవీని ముగించే 'కమిట్' ఆదేశం ఉంటే ఆ గోడ అక్కడితో ముగిసిపోతుంది. తర్వాతి ఆదేశం పట్టికను తొలగించేదైనా, అనుసంధానమైన ఖాతాకు ఆ హక్కు ఉంటే నడిచిపోతుంది. 2025లో భద్రతా పరిశోధకులు దీనిని బహిరంగంగా నిరూపించారు.

విమర్శ దృష్టితో ఇది వాచ్యానికీ వాస్తవానికీ మధ్య ఏర్పడిన విచ్ఛేదం. వివరణలోని విశేషణాన్ని చదివినవారు అది పరికర స్వభావమని నమ్మారు. నిజానికి అది రచయిత ఉద్దేశం మాత్రమే. ప్రోటోకాల్ తర్వాతి సంచికలో 'ఇది చదివే పరికరం', 'ఇది నష్టం కలిగించగలది' అని తెలిపే ప్రత్యేక సూచికలు చేరాయి. వాటిని సూచనలుగానే స్వీకరించాలని, విశ్వసనీయమైన సర్వర్ నుంచి వస్తే తప్ప నమ్మకూడదని ఆ ప్రమాణమే చెబుతోంది. ఈ హెచ్చరికలో గొప్ప వివేకం ఉంది.

ఏజెంటు వివరణను సమాచారంగానూ ఆదేశంగానూ ఒకేసారి చదువుతుంది కనుక, దురుద్దేశంతో రాసిన వివరణ దానిని దారి మళ్లించగలదు. కాలమ్ వ్యాఖ్యలకూ, పట్టికలోని డేటాకూ ఇదే వర్తిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో డేటాబేస్‌కు అనుసంధానమైన ఎవరైనా వ్యాఖ్యలను చదవగలరు కనుక రహస్యాలను వాటిలో రాయకూడదన్న హెచ్చరిక దాని అధికారిక పత్రాల్లోనే ఉంది.

కాబట్టి హద్దు ఉండవలసిన చోటు డేటాబేస్. చదివే హక్కు మాత్రమే ఉన్న ప్రత్యేక ఖాతాతో ఏజెంటును అనుసంధానించాలి. వ్యక్తిగత వివరాలను మినహాయించిన వ్యూలను మాత్రమే దానికి చూపాలి. ఆ తర్వాత వివరణలో 'చదవడానికి మాత్రమే' అని రాస్తే అది నిజమైన వాక్యం అవుతుంది.

7. ప్రతిపాదిత పాఠం:

ఖండన మాత్రమే విమర్శ కాదు కనుక, మనం ఊహించుకున్న గ్రంథాలయానికి తగిన వివరణ ఎలా ఉండవచ్చో చూపడం అవసరం:

"ఈ విశ్వవిద్యాలయం ఆమోదించిన సిద్ధాంతగ్రంథాల జాబితాను శోధిస్తుంది. ఒక అంశంపై ఇక్కడ జరిగిన పరిశోధనలను తెలుసుకోవడానికి వాడాలి. ఇతర విశ్వవిద్యాలయాల గ్రంథాలు ఇందులో లేవు. జాబితా 1990 నుంచి ఉంది. జిల్లా పేరు గ్రంథం సమర్పించిన నాటిది. శీర్షిక తెలుగు లిపిలో గానీ రోమన్ లిపిలో గానీ ఉండవచ్చు కనుక రెండింటిలోనూ వెతకాలి. ఒకసారికి 100 వరుసలు మాత్రమే వస్తాయి, మొత్తం సంఖ్య విడిగా తెలుస్తుంది. ఫలితం సున్నా అయితే, వెతికిన పదాలను, జాబితా కాలపరిధిని చెప్పి, కనబడలేదని మాత్రమే తెలపాలి."

ఇందులో విషయం, ప్రయోజనం, సంబంధం, హద్దులు ఉన్నాయి. చివరి వాక్యం సున్నాకు అర్థం నిర్ణయిస్తోంది. అనుమతి గురించిన మాట లేదు, ఎందుకంటే ఆ పని ఖాతా హక్కులకు అప్పగించాం. ఈ పాఠాన్ని రాయడానికి ప్రోగ్రామింగ్ కంటె ఆ జాబితా చరిత్ర తెలిసి ఉండడం ముఖ్యం. కనుక దీని రచయిత గ్రంథాలయ ఉద్యోగి కావాలి, ఆచార్యులు కావాలి.

8. విస్తృతిపై ఆక్షేపం:

ఇంత రాయడం భారం కాదా అన్న ఆక్షేపం న్యాయమైనదే. పరికర వివరణలు సాధారణంగా ఏజెంటు పని మొదలుపెట్టినప్పుడే దాని పఠన పరిధిలోకి చేరి కొంత చోటు ఆక్రమిస్తాయి. పరికరాలు పదుల సంఖ్యలో ఉంటే ఆ భారం ఖర్చుగానూ ఏకాగ్రతా లోపంగానూ పరిణమిస్తుంది. మెదక్ ప్రాంతపు కొలచెలమ మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల్లో ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఇక్కడ ఆ నియమంలోని రెండో భాగం గట్టిగా వర్తిస్తుంది.

దీనికి పరిష్కారం స్థానవిభజన. ఏ పరికరాన్ని ఎంచుకోవాలి, దాని హద్దులేమిటి అన్నవి వివరణలో ఉండాలి. ఒక్కో కాలమ్ అర్థం డేటా పక్కన వ్యాఖ్యగా ఉండి, అవసరమైనప్పుడు ఏజెంటు చదివేలా ఉండాలి. తప్పును దిద్దే మాట దోష సందేశంలో ఉండాలి. స్కీమా చూస్తేనే తెలిసేదానిని మళ్లీ వాక్యంగా రాయకూడదు. ఒక వాక్యాన్ని తొలగిస్తే ఏజెంటు ప్రవర్తన మారదని పరీక్షలో తేలితే ఆ వాక్యం అనపేక్షితం.

9. ముగింపు:

పరిశీలిత పాఠం చెప్పవలసిన అర్థాన్ని వదిలివేసింది, కాపాడలేని హద్దును ప్రకటించింది. మొదటిది తప్పు సమాధానానికి, రెండోది డేటా నష్టానికి దారితీస్తాయి. అనుబంధ చతుష్టయం మొదటి లోపాన్ని గుర్తించడానికి, యోగ్యానుపలబ్ధి భావన ఫలితాన్ని సరిగా చదవడానికి ఉపకరిస్తాయని పై చర్చ చూపుతోంది.

విశ్వవిద్యాలయాలు తమ జాబితాలను ఏజెంట్లకు అప్పగించే ముందు తెలుగు శాఖల అధ్యాపకులతో వాటి వివరణలు రాయించడం, కనీసం చదివించడం అవసరం. ఏజెంటు సహాయంతో పూర్వపరిశోధనల సమీక్ష రాసే పరిశోధకులు ఏ జాబితాలో, ఏ పదాలతో, ఏ కాలపరిధిలో వెతికారో గ్రంథంలోనే నమోదు చేయాలి. అలా నమోదు కాని 'పరిశోధన జరగలేదు' అన్న వాక్యాన్ని పర్యవేక్షకులు అంగీకరించకూడదు. తనకంటె ముందు శ్రమించిన ఒక పరిశోధకుని పని, పాత జిల్లా పేరు కింద, చీకటి గదిలోని కుండలా అక్కడే ఉండి ఉండవచ్చు.